సొరనూనె బ్రేకులు

పోయిన నెల మా అత్త దగ్గర్నించి కార్డు వచ్చింది. అత్తకు రాయడం రాదు. రాసిపెట్టినవాడెవడో ఆమె చెప్పింది చెప్పినట్టు దించేశాడు.

"మీ మామ పోయినాడు. ఏడవడానికైతే రాబాక, పదోనాడు కూడా అయిపోయింది. బండి బ్రేకు బిగుసుకోని చక్రం కదల్లా. దానికైతే రా."

ఇంత వివరంగా కబురు పెట్టిన ఇంటికి పోయి ఏడిస్తే మర్యాదగా ఉండదు. వెంకటాచలంలో నేను పనిచేసే వడ్ల మిల్లులో రెండు రోజులు సెలవడిగాను.

"దేనికి?" అన్నాడు షావుకారు.

"మా మామ పోయినాడండీ."

"అయ్యయ్యో! ఎప్పుడు?"

"పదిహేను రోజులైంది."

"మరి ఇప్పుడు పోయి ఏం చేస్తావు?"

"బ్రేకు ఊడదియ్యాల."

ఆయన మూడో రోజు కూడా కలిపి ఇచ్చాడు.

బస్సులో కూర్చున్నాక ముందుగా గుర్తొచ్చింది మామ మొహం కాదు, ఆయన కుడిచేతి నడిమివేలి కణుపు. ఏ వస్తువు కనపడినా ఆ కణుపుతో మూడుసార్లు కొట్టి, చెవి ఆనించి వినేవాడు. పడవ బల్ల, పుచ్చకాయ, నీళ్ళకుండ, ఎస్సెల్సీ తప్పి వచ్చిన నా తలకాయ, ఏదీ వదల్లేదు. నా తల మీద టక్ టక్ టక్ అని కొట్టి, విని, "మంచిదే అబ్బయా, లోపల చానా జాగా ఉండాది" అన్నాడు. మరుసటి సంవత్సరం మళ్ళీ తప్పి ఆయన దగ్గరికి పోతే మళ్ళీ కొట్టి విని, "జాగా తగ్గలా" అన్నాడు.

ఆయనకు గుసగుస చేతకాదు. పుట్టినప్పట్నించీ అలల మీదుగా అరిచి మాట్లాడిన గొంతు. నా చెవిలో రహస్యం చెప్తే పక్క పల్లె వాళ్ళు ఔనో కాదో జవాబు చెప్పేవాళ్ళు. ఎడమ చెవి మీద సగం కాలిన బీడీ ఒకటి ఎప్పుడూ ఉండేది. అది అక్కడున్నట్టు ఊరంతటికీ తెలుసు, ఆయనకు తప్ప. రోజుకు పదిసార్లు దాని కోసం వెతికేవాడు.

మనిషి నూటికి నూరుపాళ్ళు పడవ మనిషి. కోట అనే బస్తీకి తూర్పున ఆరు మైళ్ళలో, సముద్రపు ఒడ్డున ఊరు. ఊరికి రోడ్డు లేదు, దోవ ఉంది. అట్లాంటి చోట మోటారు సైకిలు కొనాలని ఎవరికీ తోచదు. ఆయనకు తోచింది. ఎండుచేపల మూటలతో మద్రాసుకు పోయినవాడు, మిలిటరీ వాళ్ళు పనికిరాదని వేలం వేసిన బండిని కొనుక్కొని, దాన్ని తోలడం దారిలోనే నేర్చుకుంటూ మూడో రోజుకు ఇల్లు చేరాడు. దారిలో నేర్చుకోలేకపోయింది ఒక్కటే, ఆపడం. అదేమని అడిగితే, "ఆ పని పడలా అబ్బయా. పెట్రోలు అయిపోయినప్పుడల్లా అదే ఆగింది" అన్నాడు.

ఇంటికొచ్చిన బండి పడవైపోయింది. హ్యాండిలు చుక్కాని. బ్రేకు లంగరు. ఎక్కబోయే ముందు ఇసుక తాకి కళ్ళకద్దుకునేవాడు. తర్వాత చూపుడువేలు నోట్లో పెట్టి తడిపి, గాలికి ఎత్తి పట్టేవాడు. "తూరుపు గాలి. కోటకు పోవడం సులువు. రావడమే కష్టం" అని చాటించేవాడు.

"మోటారు సైకిలుకు గాలితో ఏం పని మామా?" అని చాలా ఏళ్ళ తర్వాత ఒకసారి అడిగాను.

"నీకు లెక్కలతో ఏం పని? అయినా రెండుసార్లు పరీక్ష రాయలా?"



బండి వచ్చిన నెలకే అది మూలపడింది. తప్పు బండిది కాదు. అత్త కోటలో చేపలమ్మేది. ఒకరోజు ఆమెను వెనక కూర్చోబెట్టుకొని, ఒళ్ళో గంప పెట్టించి బయలుదేరాడు. నాలుగు మైళ్ళు బాగానే పోయారు. అక్కడ దోవలో ఒక గుంత ఉంది. బండి ఎగిరింది. అత్తా గంపా దిగిపోయారు. మామ మాత్రం ముందుకు సాగిపోయాడు. సాగిపోవడం వింత కాదు. మిగిలిన రెండు మైళ్ళూ ఆమెతో మాట్లాడుతూ పోయాడు. ఏం మాట్లాడాడో కూడా మాకందరికీ తెలుసు, ఆ గొంతు అట్లాంటిది గనక దోవ పక్క కయ్యల్లో, అంటే వరిమళ్ళల్లో, పనిచేసేవాళ్ళంతా విన్నారు. పడవకు కొత్త తెరచాప కొందామా వద్దా అని సంగతి. "నువ్వేమంటావు?" అని అడిగాడట. జవాబు రాలేదు. "సరేలే, నీకిష్టం లేకపోతే వద్దు" అన్నాడట. కోటలో దిగి వెనక్కి తిరిగితే సీటు మీద రెండు రొయ్యలున్నాయి.

అత్త గంప ఎత్తుకొని నాలుగు మైళ్ళూ నడిచి ఇంటికొచ్చింది. సాయంత్రం మామ వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చొని ఉంది. గొంతు పెంచలేదు.

"పడినందుక్కాదు. పడితే లేస్తాం. నేను లేకపోయినా రెండు మైళ్ళు నాతో మాట్లాడినావే, అందుకు. ఇంక ఆ బండి నా కంటబడగూడదు."

మామ తుఫాన్లు చూసినవాడు. తుఫానులో అరుపు ఉంటుంది, దాన్ని బట్టి దిక్కు తెలుసుకోవచ్చు. అరుపు లేని దానికి ఎదురు పోకూడదని ఆయనకు తెలుసు. మర్నాడు పొద్దున్నే బండిని వలల కొట్టంలోకి తోసి, తాటిమొద్దుల మీదికి ఎత్తించి, పాత తెరచాప కప్పేశాడు. కప్పేముందు దానికి నిలువెల్లా సొరనూనె పూశాడు.

మా వైపు పడవల కొయ్యను ఉప్పుగాలి తినకుండా చేపనూనె పూస్తారు. సొరచేప కాలేయం నుంచి తీసిన నూనె అయితే మరీ మంచిది, వాసన ఓర్చుకోగలిగితే. "కొయ్యైనా ఇనుమైనా ఉప్పుగాలికి ఒకటే" అని మామ సిద్ధాంతం. ఏడాదికోసారి పడవకు పూసేటప్పుడు బండికీ పూసేవాడు. ఇట్లా ఏడేళ్ళు. పల్లెలోని పిల్లులన్నీ కాపురం ఆ కొట్టంలోకి మార్చాయి.

ఏడేళ్ళకు బండి అరగలేదు గానీ అత్త మోకాలు అరిగింది. నెత్తిన గంపతో కోటకు పోనూ రానూ పన్నెండు మైళ్ళు. మొదట్లో దోవలో ఒకచోట కూర్చునేది. తర్వాత రెండు చోట్ల. ఆ సంవత్సరం నాలుగు చోట్ల కూర్చుంటోందని కయ్యల వాళ్ళు మామకు చెప్పారు. నేను అప్పుడు రెండోసారి ఎస్సెల్సీ తప్పి, ఊరు మారితే బుద్ధి మారుతుందని మా నాయన పంపిస్తే వాళ్ళింట్లో ఉన్నాను. మామ నన్ను పెరట్లోకి పిలిచి, చెవిలో గుసగుసలాడాడు.

"అబ్బయా, అత్తకు తెలీకుండా బండి బయటికి తీద్దాం. ఎనక కూచోబెట్టుకోని గంపతో సహా నేనే దించతా."

ఇంట్లోంచి అత్త గొంతు వచ్చింది. "నాకు తెలీకుండా తీసేదేదో తొందరగా తీయండి. ఆ కొట్టంలో వల ఉండాది, కావాల నాకు."

అట్లా రహస్యంగా మొదలుపెట్టాం. తెరచాప తీస్తే బండి నిగనిగలాడుతోంది. వేలం వేసినవాళ్ళు చూస్తే మళ్ళీ కొనుక్కునేవాళ్ళు. టైర్లు మాత్రం పగిలిపోయాయి, వేరేవి తెప్పించాడు. ఇంజను నాలుగు రోజులు బతిమాలితే దగ్గి లేచింది. అంతా అయిందనుకొని తోస్తే చక్రాలు తిరగలేదు. ముందుదీ తిరగలేదు, వెనకదీ తిరగలేదు. ఆరుగురు వచ్చి, తాడు కట్టి, పడవను లాగినట్టు "హైలెస్సా" అని లాగారు. బండి వచ్చింది. చక్రాలు మాత్రం తిరగలేదు. ఇసుకలో లోతుగా ఒక చాలు పడింది.

"మామా, దుక్కికి పనికొస్తుంది" అన్నాను.

మామ నన్ను పట్టించుకోలేదు. వెనక చక్రం పక్కన కూలబడి, నడిమనున్న ఇనుప డబ్బాను కణుపుతో మూడుసార్లు కొట్టి చెవి ఆనించాడు. ఆ డబ్బా లోపలే బ్రేకు ఉంటుంది. అరచందమామల్లాంటి రెండు ముక్కలు, వాటి మీద గరుకు పట్టీలు. తొక్కితే ఆ పట్టీలు డబ్బా గోడను ఒరుసుకొని చక్రాన్ని ఆపుతాయి. ఏడేళ్ళుగా ఎవరూ తొక్కకపోయినా అవే పోయి గోడను కరుచుకొని, తుప్పుతో అతుక్కుపోయి ఉన్నాయి.

"ఏమంటుండాది మామా?"

"అలిగుండాది."

"ఏడేళ్ళా?"

"ఏం? మీ అత్త లేదా?"

"నాకు వినపడతుండాది" అంది అత్త, ఇంట్లోంచి.

నేను సుత్తి ఎత్తాను. మామ నా చెయ్యి పట్టుకున్నాడు. "అలిగినోళ్ళను కొడితే ఇంకా బిగుసుకుంటారు అబ్బయా" అని, కిరసనాయిలు సీసా తెచ్చి, బ్రేకు కడ్డీ లోపలికి పోయే చోట చుక్కా చుక్కా వదిలాడు. వదిలి, బీడీ కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు. కాసేపటికి చింతకొయ్య ముక్కతో డబ్బా చుట్టూ మెల్లగా తట్టాడు. చక్రాన్ని ముందుకు ఒక రవ్వ, వెనక్కి ఒక రవ్వ ఊపాడు. మళ్ళీ కిరసనాయిలు. "కానీ తల్లీ. నీ తప్పు కాదు. నాదే. ఒప్పుకుంటుండా గదా" అని మధ్య మధ్యలో బతిమాలాడు. అది చక్రంతో అన్నాడో, గొంతు ఇంట్లోకి వినపడేట్టు అన్నాడో నేను తేల్చుకోలేదు. మూడోరోజు పైటాలకు, ఎండ నడినెత్తికి వచ్చేసరికి, చక్రం కీచుమని ఒక జానెడు తిరిగింది. మామ లేచి గంతేశాడు. ఇంట్లో పొయ్యి ఊదుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మొదలైంది.

ముందు చక్రాన్నీ అట్లాగే కదిలించి, డబ్బాలు ఊడదీస్తే లోపల ఎర్రటి తుప్పు పొడి. అంతా గోకి, తుడిచి, ఎండబెట్టాం. ఇంక బిగించడమే. సరిగ్గా అక్కడ మామకు జ్ఞానోదయమైంది.

"చూసినావా అబ్బయా! బండంతా పూసినా గానీ లోపలికి నూనె అందలా. నూనె తగిలిన చోట తుప్పు లేదు. తగలని చోటే పట్టింది."

వాదన నాకు న్యాయంగానే తోచింది. సైన్సులో నాకు రెండుసార్లూ మార్కులు రాకపోవడానికి కారణాలున్నాయి. ఇద్దరం కలిసి, ఆపాల్సిన ఆ పట్టీలకు, పసిబిడ్డ మాడుకు పెట్టినట్టు, దోసిళ్ళతో సొరనూనె పట్టించాం.

మర్నాడు పొద్దున ఊరంతా చూస్తుండగా మామ ఇసుక తాకి కళ్ళకద్దుకున్నాడు. వేలు తడిపి గాలి చూశాడు. బండెక్కి, పల్లె చివరిదాకా పోయి, గొప్పగా తిరిగొచ్చాడు. మా ముందు ఆపుదామని బ్రేకు తొక్కాడు. బండి మా ముందు నుంచి పోయింది.

"లంగరు పట్టలా!" అని ఒక కేక.

అక్కడ ఊరిపెద్ద పెదకాపు గారి నెత్తళ్ళు ఎండబోసి ఉన్నాయి. అవి చిన్న చేపలు, తేలిక. బండి వాటి మధ్యలోంచి పోతుంటే వెండివాన కురిసింది. ఆ వాన లోంచి బయటపడి, తడి ఇసుక దాటి, బండి సముద్రంలోకి దిగింది. చివరికి బ్రేకు వేసింది సముద్రమే. మామ నడుముల్లోతు నీళ్ళలో నిలబడి, మొట్టమొదటిసారి తన బీడీ ఎక్కడుందో గుర్తొచ్చి, అది తడవకుండా చెయ్యెత్తి పట్టుకున్నాడు.

"బండి బాగుండాది. ఆపేది ఒక్కటే చూసుకోవాల" అన్నాడు.

మా వైపు పల్లెల్లో పెద్దమనుషుల్ని కాపులంటారు. వాళ్ళు కూర్చొని వేసే కట్టడిని దురాయి అంటారు. ఏ వల ఎప్పుడు వేయాలో, ఎవరు ఎవరితో మాట్లాడకూడదో దురాయి వేస్తే, కలెక్టరు వచ్చినా ఎత్తలేడు. ఆ సాయంత్రమే కాపులు కూర్చున్నారు. పెదకాపు గారి మీసంలో ఇంకా ఒక నెత్తలి ఉంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"ఏరా, ఆపడం రాని బండి ఊళ్ళో దేనికి?"

"ఆగద్ది అన్నా. నా పూచీ" అన్నాడు మామ.

"నీ పూచీ చూసినాం. నా నెత్తళ్ళు చూసినాయి. వచ్చే పున్నమికి పరీక్ష. నేను గీత గీస్తా. గీత దాటకుండా ఆగితే తోలుకో. దాటిందా, ఆ బండి వలలకు బరువు కింద సముద్రంలో వేస్తాం. అందాకా కదిలించగూడదు. ఇది దురాయి." ఆగి, మా కట్టుబాటులో ఉన్న అసలు ముక్క కలిపాడు. "పూచీ మనిషి కావాల."

పడవ మంచిదేనా అని అనుమానమొస్తే, మంచిదే అన్నవాడు దానిలో ఎక్కి సముద్రంలోకి పోవాలి. అదీ పూచీ. అదే లెక్కన, బండి ఆగుతుందన్నవాడు గీత మీద నిలబడాలి. మామ బండి మీద ఉంటాడు గనక వేరే మనిషి కావాలి. అందరూ నావైపు తిరిగారు. నాకు ఆ క్షణంలో చదువు మీద ఎన్నడూ లేనంత భక్తి కలిగింది. పున్నమికి లెక్కలు చదువుకోవాలన్నాను.

పున్నమికి ఎనిమిది రోజులుంది. బ్రేకు పట్టీలను కిరసనాయిలుతో కడిగాం. పెట్రోలుతో కడిగాం. సబ్బుతో రుద్దాం. పైకి ఆరినట్టే ఉండేవి. ఎండలో పెడితే లోపల్నించి మళ్ళీ నూనె చెమటలాగా ఊరేది. రోజుకు రోజు మామ గొంతు తగ్గింది. ఐదో రోజు ఆయన నాతో ఏదో చెప్తే పక్కింటి వాళ్ళకు వినపడలేదు. అప్పుడు నాకు భయం వేసింది. ఆ బండి సముద్రంలో పడితే అత్త మోకాలికి వేరే దారి లేదని ఆయనకు తెలుసు.

అత్త గడపలో కూర్చొని చేపలు తోముతోంది. బండి గురించి మామతో మాట్లాడనని ఏడేళ్ళ కిందటే అనుకుంది గనక, ముందు కూర్చున్న పిల్లితో మాట్లాడింది.

"మే పిల్లీ, చేపలు వేయించే మట్టి దాక నూనె తాగితే ఏం చేస్తారు? కుమ్ములో పెడతారు గానీ సబ్బు రుద్దతారా ఎవరన్నా?"

మామ తలెత్తాడు. కుమ్ము అంటే పొయ్యిలో నిప్పు కలిసిన వేడి బూడిద. ఆయనా పిల్లి వైపే తిరిగాడు.

"కుమ్ములో ఎంతసేపు పెట్టాల్నో అడగవే పిల్లీ."

"కూడు ఉడికిందాకా అని చెప్పవే."

పిల్లికి ఇద్దరి మాటా నచ్చలేదు. ఒక చేపతల నోట కరుచుకొని వెళ్ళిపోయింది.

పట్టీలను కుమ్ములో పూడ్చాం. కాసేపటికి వాసన లేచింది. సొరచేపల గుంపు గుంపునంతా ఒకేసారి వేయించినట్టు ఊరి మీద కమ్ముకుంది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ముంతలు పట్టుకొని వచ్చారు.

"అక్కా, ఏం చేప వండుతుండావు? రవ్వంత పులుసు పొయ్యి."

"బ్రేకు" అంది అత్త, మూత తీయకుండా.

కుమ్ములోంచి తీసిన పట్టీలు పొడిగా ఉన్నాయి గానీ నున్నగా ఉన్నాయి. మామ వాటి మీద వేలు పోనిచ్చి, పెదవి విరిచాడు. గడప వైపు నుంచి ఏదో వచ్చి నా ఒళ్ళో పడింది. ఎండిన సొరతోలు ముక్క. ముట్టుకుంటే చెయ్యి గీరుకుపోయేంత గరుకు. మా వాళ్ళు తెడ్లు దానితోనే నునుపు చేస్తారు; పట్టీలకు మాకు కావలసింది గరుకు. రుద్దాం. నునుపు పోయి పొడి రాలింది, పట్టు వచ్చింది. సొర నూనె చేసిన పాపాన్ని సొర తోలే పోగొట్టింది. ఒకే జంతువు ఇంత నిజాయితీగా నష్టపరిహారం కట్టడం నేను మళ్ళీ చూడలేదు.

పున్నమి నాడు పొద్దున, పోటు తీసినాక గట్టిపడిన తడి ఇసుక మీద పెదకాపు కర్రతో గీత గీశాడు. ఊరంతా గీతకు దూరంగా నిలబడింది. నేను ఇంకాస్త దూరంగా నిలబడ్డాను.

"పూచీ మనిషి యాడ?"

ఎవరూ కదల్లేదు. నేను వంగి చెప్పు సర్దుకోబోయాను. చెప్పులు లేవు.

"పూచీ లేకపోతే పరీక్షే లేదు" అన్నాడు పెదకాపు.

అప్పుడు అత్త వచ్చింది. రోజూ మాదిరే కోటకు బయలుదేరినట్టు నెత్తిన గంప. కుంటుకుంటూ గీత దాకా నడిచి, గంప పక్కన దించి, గీత మీద కాళ్ళు ఆనించి నిలబడింది. మామ బండి మీద నుంచి చూశాడు. ఆయన గుసగుస నేను జీవితంలో అప్పుడు ఒక్కసారే విన్నాను.

"ఏమ్మే, నువ్వొద్దు."

"అప్పుడు ఎనకాల ఉంటే కనపళ్ళేదు గదా" అంది అత్త. "ముందర నిలబడతా. ఈసారన్నా కనపడతానేమో చూద్దాం."

మామ బండిని దూరంగా, మనిషి చిన్న చుక్కగా కనపడేంత దూరం తీసుకుపోయాడు. అక్కడ దిగి, ఇసుక తాకి, చక్రం డబ్బాను మూడుసార్లు కొట్టి విన్నాడు. వేలు తడిపి గాలి చూడడం మాత్రం మర్చిపోయాడు. వచ్చాడు. మేమంతా బండిని చూస్తున్నాం. ఆయన బండిని గానీ గీతను గానీ చూడలేదు. అత్తను చూస్తూ వచ్చాడు. అత్త రెప్ప వేయలేదు. బ్రేకు పడింది. వేయించిన సొర వాసన గుప్పుమంది. వెనక పల్లెలో పిల్లులన్నీ ఒక్కసారి లేచాయి. చక్రం ఇసుకను దున్నుకుంటూ వచ్చి, వచ్చి, అత్త కాలి బొటనవేలికి జానెడు దూరంలో ఆగింది.

సముద్రం ఒక్కటే, సందర్భం తెలీక, ఎప్పటిలా చప్పుడు చేసింది.

అత్త చక్రాన్ని చూసింది. తన కాళ్ళను చూసింది.

"ఇంకో జానెడు రావచ్చు" అంది.

ఊరు గొల్లుమంది. పెదకాపు దురాయి ఎత్తేశాడు. మామ బండి మీదే కూర్చొని భుజం మీది తుండుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన ఏడ్చాడని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను దగ్గరికి పోయి చూశాను. ఇసుక పడింది. రెండు కళ్ళలో ఒకేసారి.

"ఎండెక్కుతుండాది. కోటకు పోయేది ఎప్పుడు?" అని అత్త గంప ఒళ్ళో పెట్టుకొని వెనక కూర్చుంది.

ఆ రోజు నుంచి మామ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. పెద్దగా మాటలుండవు. కాసింత దూరం పోగానే, తల తిప్పకుండా, "ఉండావా?" అని ఒక్క కేక. వెనక నుంచి "ఉండా!" అని జవాబు. మళ్ళీ కాసింత దూరం, మళ్ళీ కేక. రోజూ, ఆరు మైళ్ళు. కయ్యల్లో వాళ్ళకు అది గడియారం. "ఉండావా" పోయింది, సద్ది విప్పుదాం అనుకునేవాళ్ళు. కోటలో ఆయన బ్రేకు వేసిన చోటల్లా రెండు పిల్లులు వచ్చి నిలబడేవి. ఒకసారి అత్త విసుగొచ్చి జవాబు చెప్పలేదు. మామ బండి ఆపి, దిగి, ఆమెను చూసి, మళ్ళీ ఎక్కి పోనిచ్చాడు. అత్త ఇంకెప్పుడూ ఆ పని చేయలేదు.

కార్డు అందుకొని నేను ఊరు చేరేసరికి అత్త వలల కొట్టం ముందు కూర్చొని ఉంది. ఏడవలేదు. నేనూ ఏడవలేదు, కార్డులో షరతు ఉంది. బండి తాటిమొద్దుల మీద నిగనిగలాడుతోంది. పక్కన తీసి పెట్టిన పాత తెరచాప కింద నుంచి ఒక పిల్లి నన్ను గుర్తుపట్టనట్టు చూసింది.

"మీ మామ మంచాన పడి ఏడాది దాటింది గదా. ఆయన చెప్తా ఉంటే నేనే పూసినా. బండంతా పూసినా. బ్రేకుల్లోకి మాత్రం ఒక చుక్క పోనీలా. ఒకసారి పూసి తెలుసుకున్నాం గదా."

నేను వెనక చక్రం పక్కన కూర్చున్నాను. నా చెయ్యి దానంతటదే లేచి డబ్బాను కణుపుతో మూడుసార్లు కొట్టింది. చెవి ఆనించాను.

"ఏమంటుండాది?" అంది అత్త.

"పూయలేదని తుప్పు పట్టుండాది అత్తా."

"పూస్తే ఆగదు. పూయకపోతే కదల్దు. ఇదేం బండిరా అబ్బయా!"

"తోలతా ఉంటే ఏం కాదు."

అత్త లోపలికి పోయి కిరసనాయిలు సీసా, చింతకొయ్య ముక్క, సొరతోలు తెచ్చి నా పక్కన పెట్టింది. మూడూ ముందే తీసి సిద్ధంగా ఉంచినట్టుంది. ఆ రోజంతా, మర్నాడు పొద్దుటి దాకా, మామ మాదిరే చుక్కా చుక్కా వదిలి, తట్టి, ఊపి, బతిమాలాను. చక్రం కీచుమని తిరిగింది. తుప్పు గోకి, బిగించి, బండి దించేసరికి అత్త గంప చంకన పెట్టుకొని నిలబడి ఉంది.

నేను ఎక్కాను. ఎక్కే ముందు వేలు తడిపి గాలికి పట్టాను. ఎందుకో అడక్కండి. తూరుపు గాలి.

అత్త వెనక కూర్చుంది. కోట దోవ పట్టాం. దారి పొడుగునా ఆమెను నవ్వించడానికి వెంకటాచలం నుంచి బోలెడు మాటలు మూటగట్టుకొని వచ్చాను. ఒక్కటీ నోటికి రాలేదు. వెనక నుంచి చప్పుడు లేదు. అప్పటి గుంత ఇప్పటికీ అక్కడే ఉంది. దాని పక్కనుంచి తప్పించి పోనిచ్చాక, తల తిప్పకుండా అడిగాను.

"అత్తా, ఉండావా?"

జవాబు రాలేదు. కాలు బ్రేకు మీదికి పోయింది. అంతలో నా వీపు మీద వేలి కణుపుతో టక్ టక్ టక్ అని మూడు దెబ్బలు పడ్డాయి.

"అంత మెల్లగా అడిగితే ఎవురికి వినపడద్ది? మీ మామ మాదిరి అరిచి అడుగు."

అరిచాను. కయ్యల్లో కలుపు తీస్తున్నవాళ్ళు నడుములెత్తి, అటూ ఇటూ చూసి, సద్దిమూటలు విప్పుకోవడానికి గట్టు వైపు నడిచారు.

"ఉండా!" అంది అత్త.